టిప్పర్ కొనేముందు కిందికి వంగి కమాన్లు చూడుండ్రి



శివరాత్రి దాటింది, చెరువుల నీళ్లు తగ్గుతున్నయ్. ఇంకో రెండు నెలలైతే మట్టి తోలుడు మొదలైతది. ఈసారి మా ఊర్ల మట్టి కంటే టిప్పర్ ముచ్చటే ఎక్కువ నడుస్తున్నది. మా తమ్ముని కొడుకు, వాని దోస్తులు ఇద్దరు కలిసి సెకండ్ హ్యాండ్‌ల 10 టైర్ల టిప్పర్ కొందామని తిరుగుతున్నరు. ముగ్గురి ఇండ్లల్ల కలిపి ఆరెకరాల భూమి ఉన్నది. అందుల రెండెకరాల కాగితాలు అప్పుకు పెట్టాలె. కాబట్టి ఇది పోరగాండ్ల సోకు ముచ్చట కాదు, మూడిండ్ల బువ్వ ముచ్చట.

వాడు నన్ను అడిగింది ఇది: "పెద్దబాపూ, కమాన్ కట్టల బండే మంచిదని ఒకాయన అంటడు. బొగ్గుబాయి మీద తోలే ఒకాయన రబ్బర్ బోగీ తీసుకోమంటడు. ఇంకొకాయన గాలి బుడ్డల బండి అయితే మెత్తగ పోతదంటడు. ఏది తీసుకోవాలె?"

నేను ఇంటర్ అయినంక ఆరేండ్లు లారీ మీద ఉన్న. రెండేండ్లు క్లీనర్‌గ, నాలుగేండ్లు డ్రైవర్‌గ. బాపు కాలం చేసినంక ఎవుసంలకు వచ్చిన. ఇప్పటికీ ఊర్ల ఎవరి ట్రాలీ కమాన్ విరిగినా నన్నే పిలుస్తరు. వానికి నోటితోని చెప్పింది ఇక్కడ రాస్తున్న, ఎందుకంటే ప్రతి ఊర్ల ఇట్లాంటి పోరగాండ్లు ఉన్నరు. బండి కొననోళ్లు కూడ చదువుండ్రి. ఆ బండి లోడు దించేది మన పొలంలనే, తిరిగేది మన రోడ్డు మీదనే.

సస్పెన్షన్ పని ఏంది

మన ఎడ్లబండికి సస్పెన్షన్ లేదు. ఇరుసు మీద బండి, బండి మీద మనం. గుంతల చక్రం పడితే ఆ దెబ్బ నేరుగ నడుముకే వచ్చేది. అందుకే కింద గడ్డి పరుసుకొని కూసునేటోళ్లం. మన సస్పెన్షన్ ఆ గడ్డే.

టిప్పర్ సస్పెన్షన్ నాలుగు పనులు చెయ్యాలె. ఒకటి, బరువు మొయ్యాలె. రెండు, గుంత వచ్చినా మిట్ట వచ్చినా అన్ని చక్రాలు నేలకు ఆనేటట్టు చూడాలె. మూడు, ఇరుసు ముందుకు, ఎనుకకు, పక్కకు జరగకుండ పట్టుకోవాలె. నాలుగోది, తొట్టి లేపినప్పుడు బండి ఒక దిక్కుకు ఒరగకుండ నిలబెట్టాలె. మామూలు లారీకి మొదటి మూడు చాలు. మట్టి తోలే బండికి నాలుగోది ప్రాణాల మీది ముచ్చట. ఏ రకం మంచిదని అడిగినప్పుడు ఈ నాలుగూ మనసుల పెట్టుకోవాలె. "మెత్తగ పోతదా" అన్న ఒక్క ప్రశ్నతోని బండి కొనరాదు.

మామూలు కమాన్ కట్ట

ఇది మన ట్రాలీ కింద అందరు చూసిందే. పొడుగు తగ్గించుకుంట ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. నడుమ సెంటర్ బోల్టు, ఇరుసుకు యూ బోల్టుల బిగింపు. మెయిన్ పట్టీకి రెండు చివర్ల కన్నాలుంటయ్. ముందు కన్నం పిన్నుతోని ఛాసిస్‌కు కదలకుండ ఉంటది. ఎనుక కన్నం షాకిల్‌కు వేలాడుతది. బరువు పడితే కట్ట వంపు సాపై పొడుగైతది, ఆ పొడుగును షాకిల్ ఊగి సర్దుతది. షాకిల్ పిన్ను గ్రీసు లేక పట్టుకపోతే ఆ పొడుగుకు తావుండదు, పట్టీ విరుగుతది. సగం కమాన్లు బరువుకు కాదు, గ్రీసు లేక విరుగుతయ్ అని మా ఉస్తాద్ అనేటోడు.

పట్టీలు ఒకదానితోని ఒకటి రాసుకుంటయ్. ఆ రాపిడే ఊపును ఆపుతది. అదే రాపిడి వల్ల ఖాళీ బండి కటువుగ ఎగిరెగిరి పడుతది. డ్రైవర్ నడుము దాని లెక్క తర్వాత చెప్తది.

ఈ రకానికి ఉన్న పెద్ద గుణం ఏందంటే, ఒక పట్టీ విరిగినా మిగిలినయి పట్టుకుంటయ్. మెల్లగ బండిని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఏ చిన్న టౌనుకు పోయినా కమాన్ పనోడు దొరుకుతడు. వంగిన పట్టీని కొలిమిల పెట్టి మళ్ల వంపు తీసి ఇస్తరు. కానీ కొలిమిల కాల్చిన పట్టీకి కొత్త పట్టీ బలం రాదు. ఉక్కును ఎంత కాల్చాలె, ఎట్ల చల్లార్చాలె అన్నదానికి ఫ్యాక్టరీల లెక్క ఉంటది. ఆ లెక్క మన కొలిమిల కుదరదు. కాబట్టి వంపు తీయించిన పట్టీని సంవత్సరం నడిపే పట్టీ అనుకోవద్దు.

ఈమధ్య బండ్ల ముందు ఇరుసుకు రెండు మూడు పట్టీలే ఉండే కమాన్లు వస్తున్నయ్. నడుమ లావు, చివర్లకు సన్నం, పట్టీకి పట్టీకి సందు. వీటిని పారాబోలిక్ అంటరు. రాపిడి తక్కువ, బరువు తక్కువ, ముందు క్యాబిన్ మెత్తగ పోతది. రాపిడి తక్కువ కాబట్టి షాక్ అబ్సార్బర్ మంచిగ ఉండాలె. ఉన్నవే రెండు మూడు పట్టీలు, ఒకటి విరిగితే భారమంతా మిగిలినవాటి మీదనే పడుతది. అది యాదికుంచుకోవాలె.

బోగీ, అంటే కావడి

10 టైర్ల బండికి ఎనుక రెండు ఇరుసులు. ఒక్కోదానికి వేరువేరు కమాన్ పెట్టి ఊకుంటే, మొదటి ఇరుసు మిట్ట ఎక్కినప్పుడు భారమంతా దానిమీద పడుతది, రెండోది తేలిపోతది. దీనికోసం వచ్చిందే బోగీ. కమాన్ కట్టను తలకిందులు చేసి పెడుతరు. పొట్టి పట్టీలు మీదికి, పొడుగు పట్టీ కిందికి. కట్ట నడుమ ఛాసిస్ కింద ఒక లావు ఇనుప రోలు మీద తిరుగుతది, దాన్ని ట్రనియన్ అంటరు. కట్ట రెండు చివర్లు రెండు ఇరుసుల మీద ఆనుతయ్.

కావడి చూసిన్రు గదా. భుజం మీద బద్ద, రెండు దిక్కుల రెండు కుండలు. ఒక దిక్కు లేస్తే ఇంకో దిక్కు దిగుతది. బోగీ అంతే. ముందు చక్రం మిట్ట ఎక్కితే ఎనుక చక్రాన్ని కిందికి ఒత్తుతది. ఎనిమిది టైర్ల మీద భారం సమానంగ ఉంటది. కావడి బద్ద కూడ వంగుతది, ఇక్కడ కట్ట కూడ వంగుతది. మన దేశంల మట్టికి, కంకరకు నడిచే 10 టైర్ల టిప్పర్లకు ఎక్కువ ఉండేది ఈ రకమే.

ఇందుల కట్ట బరువు మోస్తది గాని ఇరుసును పట్టుకోదు. చివర్లు ఇరుసు మీద జారుతనే ఉంటయ్. ఇరుసును పట్టేది టార్క్ రాడ్లు. వాటి చివర్ల రబ్బర్ బుష్షులుంటయ్. అవి అరిగితే ఇరుసు కొంచెం అడ్డం తిరుగుతది, టైర్లు ఒక దిక్కు కోసుకపోతయ్, బ్రేకు కొట్టినప్పుడు ఎనుక నుంచి టక్కుమని సప్పుడొస్తది. టైర్లు ఊకె పోతున్నయని టైర్ల కంపెనీని తిట్టేటోళ్లను చూసిన. కారణం అక్కడ టార్క్ రాడ్ బుష్షు.

రబ్బర్ బోగీ

అమెరికాల హెండ్రిక్సన్ అనే కంపెనీ 1926ల రెండు ఇరుసులను ఒక దూలంతోని కలిపి, నడుమ ఊగేటట్టు పెట్టే పద్ధతి తెచ్చింది. ఇది కూడ కావడే, కానీ ఇందుల బద్ద వంగదు, గట్టి ఇనుప దూలం. మరి దెబ్బను ఎవరు మింగుతరు? దూలానికి ఛాసిస్‌కు నడుమ స్ప్రింగులు గాని రబ్బర్ దిమ్మలు గాని పెడుతరు. రబ్బర్ దిమ్మలు పెడితే అది రబ్బర్ బోగీ.

రబ్బర్‌కు ఒక గుణం ఉన్నది. కొంచెం ఒత్తితే మెత్తగ ఉంటది, ఎంత ఒత్తితే అంత గట్టిపడుతది. ఖాళీగ పోయేటప్పుడు ఒక తీరు, నిండుగ పోయేటప్పుడు ఒక తీరు పనిచేస్తది. పట్టీలు లేవు కాబట్టి విరుగుడు లేదు, గ్రీసు పని తక్కువ. తొట్టి లేపినప్పుడు పక్కకు ఒరుగుడు కూడ తక్కువ. గుంతలు, బండలు ఉండే గనుల దారులకు ఇది సరిపోయిన బండి. బొగ్గుబాయి డ్రైవర్ చెప్పిన మాట తప్పు కాదు.

కానీ రబ్బర్ ఎండకు, నూనెకు, వయసుకు లొంగుతది. పగుళ్లు పారి ఊడుతది. అప్పుడు ఒక్క దిమ్మ మార్చి ఊకుంటే కుదరదు, రెండు దిక్కులా జత మార్చాలె. లేకుంటే కొత్త దిక్కు ఎత్తు, పాత దిక్కు పల్లం. ఆ దిమ్మలు కమాన్ పనోని దగ్గర దొరకయ్, కంపెనీ షెడ్డుకే పోవాలె. గనుల బండి ఆగితే పక్కనే షెడ్డు ఉంటది, మెకానిక్ జీతానికే ఉంటడు. మన బండి ఆగితే ఎవరున్నరు? ఎండాకాలం రెండు నెలల సీజన్‌ల పది రోజులు దిమ్మల కోసం బండి నిలబడితే ఆ నెల కిస్తీ ఎక్కడి నుంచి తేవాలె?

గాలి బుడ్డలు

గరుడ బస్సు ఎక్కినోళ్లకు ఇది ఎరుకే.  పట్టీల జాగల రబ్బర్ బుడ్డలు, వాటిల కంప్రెసర్ గాలి. బరువు పెరిగితే ఒక వాల్వు ఇంకింత గాలి పంపుతది, తగ్గితే గాలి ఇడుస్తది. నిండుగున్నా ఖాళీగున్నా బండి ఒక్క ఎత్తుల ఉంటది. సరుకు పగలదు, డ్రైవర్ నడుము బాగుంటది, రోడ్డుకు దెబ్బ తక్కువ. యూరప్‌ల 1996 నాటి నియమం ప్రకారం ఎనుక జంట ఇరుసులకు 18 టన్నులు మొయ్యనిస్తే, జంట టైర్లు, గాలి సస్పెన్షన్ లేక దానికి సమానమైనది ఉంటే 19 టన్నులు మొయ్యనిస్తరు. రోడ్డును కాపాడుతదని దానికిచ్చిన విలువ అది.

అయితే మంచిదే గదా, మనకెందుకు వద్దు? నాలుగో పని యాదికి తెచ్చుకోండ్రి. తొట్టి లేపినప్పుడు తడి మట్టి ఒక మూలకు అంటుకపోయిందనుకో. ఆ దిక్కు భారం ఎక్కువైతది, ఆ దిక్కు బుడ్డ అణుగుతది, బండి ఒరుగుతది, ఒరిగిన కొద్దీ ఆ దిక్కు భారం ఇంకా పెరుగుతది. వాల్వు దాన్ని సర్దేలోపు పని అయిపోతది. అందుకే గాలి సస్పెన్షన్ టిప్పర్ తోలేటోళ్లు తొట్టి లేపకముందే బుడ్డల గాలి తీసేసి, బండిని కింది దిమ్మల మీద కూసుండపెట్టి, అప్పుడు లేపాలె. ఇది రూలు. మన దగ్గర రోజుకు ఇరవై ట్రిప్పులు కొట్టే పోరడు ఇరవై సార్లూ గాలి తీసి లేపుతడా? నాకు నమ్మకం లేదు. పైగా పొలంల ముండ్లు, రాళ్లు, మోటు కర్రలు. బుడ్డ చినిగితే బండి ఉన్న జాగలనే కూసుంటది. హైవే మీద సరుకు మోసే బండికి గాలి, పొలంల దిగే బండికి కాదు.

బొగ్గుబాయిల పెద్ద డంపర్ల సంగతి

మా పోరగాండ్లు దీని గురించి కూడ అడిగిండ్రు. సింగరేణి ఓపెన్‌కాస్టులల్ల తిరిగే 100 టన్నుల డంపర్లకు కమాన్లు ఉండయ్, బుడ్డలు ఉండయ్. లావు సిలిండర్లుంటయ్. లోపల నూనె, నూనె మీద నైట్రోజన్ గ్యాసు. దెబ్బ తగిలితే గ్యాసు అణిగి స్ప్రింగ్ లెక్క పనిచేస్తది. నూనె చిన్న రంధ్రంల నుంచి దూరి ఊపును ఆపుతది. ఆ పనికి గాలి వాడరు. గాలిల ఉండే ఆక్సిజన్, నూనె, ఒత్తిడి మూడు కలిస్తే పేలే ప్రమాదం ఉంటది. సిలిండర్ల ఒత్తిడిని బట్టి తొట్టిల ఎన్ని టన్నులు పడ్డయో కూడ చెప్పే ఏర్పాటు చేయొచ్చు. గొప్ప పనితనమే, కానీ గ్యాసు నింపుడు, రాడ్ ఎత్తు కొలుచుడు, సీళ్లు మార్చుడు, దానికి ప్రత్యేకం మనుషులు. అది గని కోసం పుట్టింది, గనిలనే ఉంటది. మనం చూసి సంబురపడుడు వరకే.

అసలు సంగతి: తొట్టిల మట్టి ఎంత బరువు

ఇప్పుడు లెక్కకు వద్దాం. మన దగ్గర బండి పడిపోయినా, కమాన్ విరిగినా, రోడ్డు పగిలినా మూలం ఇక్కడనే ఉన్నది.

2018ల కేంద్రం ఇరుసు బరువులు పెంచింది. 10 టైర్ల బండికి మట్టితోని కలిపి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులు అయింది. ఎనుక జంట ఇరుసులకు అందుల 21 టన్నులు. ఖాళీ టిప్పర్ సుమారు 11 టన్నులు అనుకుందాం. అంటే పద్దెనిమిది టన్నుల లోపు మట్టి పొయ్యాలె.

తొట్టి 16 ఘనపు మీటర్లది అనుకోండ్రి. తడి పూడిక మట్టి ఘనపు మీటరుకు టన్నున్నర తక్కువ ఉండదు. సమానంగ నింపినా 24 టన్నులు. బండితోని కలిపి 35. పైన కుప్ప పోస్తే ఇంకా ఎక్కువ. అంటే తొట్టి నిండంగనే ఆరున్నర టన్నులు ఎక్కువైంది. లెక్క ప్రకారమైతే తొట్టిల మూడింట రెండొంతులే మట్టి ఉండాలె. పొక్లెయిన్ ఆపరేటర్ ఈ లెక్క చూడడు, తొట్టి అంచు చూస్తడు.

2019ల మార్చిన మోటారు చట్టం ప్రకారం ఎక్కువ లోడుకు 20,000 రూపాయలు, పైన ఎక్కువున్న టన్నుకు 2,000 చొప్పున జుర్మానా. ఆరున్నర టన్నులకు ముప్పై వేలు దాటుతది. ఊరి దారిల ఎవరు పట్టుకుంటరు అంటరా? పట్టుకోరు కావొచ్చు. కానీ రోడ్డు లెక్క రాసుకుంటది. అమెరికాల ఇల్లినాయిస్ రాష్ట్రంల 1958 నుంచి 1960 దాక రోడ్లు పోసి, వాటిమీద లారీలు తిప్పి తిప్పి పరీక్ష చేసిండ్రు. అందుల తేలింది ఏందంటే, ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు నష్టం అదే లెక్కన పెరగదు, సుమారు నాలుగో ఘాతంల పెరుగుతది. 21 టన్నుల జాగల 27 టన్నులు పడితే బరువు పెరిగింది మూడొంతులల్ల ఒక వంతు లోపు, రోడ్డుకు నష్టం పెరిగింది దాదాపు మూడింతలు. మూడు ట్రిప్పుల దెబ్బ ఒక్క ట్రిప్పులనే. మన ధాన్యం ట్రాక్టర్లు వానాకాలం పోయేది ఆ రోడ్డు మీదనే.

ఇక బండి యజమానులు చేసేది చూడుండ్రి. కమాన్ తట్టుకోవట్లేదని రెండు పట్టీలు ఎక్కువ ఏపిస్తరు. దాంతోని బండి వంగుడు తగ్గుతది, చూసేటోనికి బలంగ కనపడుతది. కానీ బరువు ఎక్కడికి పోయింది? కమాన్ ఒంగి మింగే దెబ్బ ఇప్పుడు ఛాసిస్‌కు పోతది, ఇరుసు గొట్టానికి పోతది, టైరుకు పోతది. పట్టీలు పెంచినంత మాత్రాన బ్రేకులు పెద్దగ కాలేదు గదా. చెరువు కట్ట దిగేటప్పుడు 35 టన్నులను ఆపాల్సింది ఆ పాత బ్రేకులే. సస్పెన్షన్ ఏ రకమైనా బరువును మాయం చెయ్యదు, ఎవరి మీద ఎంత పడాలెనో పంచుతది, అంతే.

పొలంల బండి ఎట్ల పడుతది

2015ల మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి మన పొలాలల్లకు టిప్పర్లు దిగుడు ఎక్కువైంది. మట్టి తవ్వుడు సర్కారుది, తోలుకునుడు మనది. తొందరగ అయిపోవాలని ట్రాక్టర్ల జాగల టిప్పర్లు పెట్టిండ్రు.

రెండేండ్ల కింద మా ఊర్ల మా పొలం పక్క మడిల బయటి ఊరి టిప్పర్ ఒకటి పడ్డది. నేను ఒడ్డు మీద ఉన్న. తెల్లారి నీళ్లు పారిన మడి, పైన పొర ఎండినట్టు కనపడ్డది. ఎడమ దిక్కు చక్రాలు ఒడ్డు అంచుకు ఉన్నయ్, కుడి దిక్కువి మడిల. తొట్టి లేస్తున్నది, ఎనుక మట్టి సగం జారింది, ముందు భాగంల తడి మట్టి జిగురు లెక్క పట్టుకున్నది. డ్రైవర్ ఇంకింత లేపిండు. కుడి దిక్కు మెల్లగ దిగింది, తర్వాత మెల్లగ లేదు. డ్రైవర్ బెల్టు పెట్టుకొని క్యాబిన్‌లనే ఉన్నడు, భుజం ఎముక విరిగింది, బతికిండు. కుప్ప ఎక్కడ పొయ్యాలెనో చూపిస్తున్న ముసలాయనకు తొట్టి అంచు రెండడుగుల దూరంల పడ్డది. ఆయన ఆ రాత్రి బువ్వ తినలేదు.

దాని లెక్క కూడ చూడుండ్రి. తొట్టి లేచినప్పుడు ముందు భాగంల ఉన్న మట్టి నేల నుంచి నాలుగు మీటర్ల ఎత్తుల ఉంటది. బండి 5 డిగ్రీలు ఒరిగితే, అది కంటికి పెద్దగ కనపడదు, ఆ మట్టి 35 సెంటీమీటర్లు పక్కకు జరుగుతది, అంటే అడుగు కంటే ఎక్కువ. బండి నడుమ నుంచి ఎనుక టైర్ల జత నడుమకు మీటరు కూడ ఉండదు. అడుగు పోతే మూడొంతులల్ల ఒక వంతు పోయినట్టే. దాని మీద కమాన్ అణుగుడు, నేల దిగుడు కలిస్తే ఇక చేతిల ఏం లేదు.

ఒరుగుడుకు బోగీ, రబ్బర్ బోగీ గట్టి. గాలి, గాలి తియ్యకుండ లేపితే, అన్నిటికంటే పిరికిది. కానీ నేల దిగితే ఏ సస్పెన్షన్ కాపాడదు. అందుకే మట్టి దించే జాగ మనమే చూసి పెట్టాలె. నీళ్లు పారి పది రోజులు దాటని మడిల దింపొద్దు. ఒక దిక్కు చక్రం ఒడ్డు మీద, ఒక దిక్కు మడిల ఉంటే లేపనియ్యొద్దు. మట్టి జారకపోతే ఇంకా లేపుడు కాదు, దించి, సర్ది, మళ్ల చూడాలె. బండి పక్కకు మనిషి నిలబడొద్దు, తొట్టి పొడుగంత దూరం ఉండాలె. పైన కరెంటు తీగ ఉంటే ఆ జాగే వద్దు. డ్రైవర్ బెల్టు పెట్టుకొని లోపలనే ఉండాలె, దునుకొద్దు. దునికినోని మీదనే బండి పడుతది.

పాత బండి చూసేటప్పుడు

మా పోరగాండ్లకు ఒక కాగితం మీద రాసిచ్చిన. మీరు కూడ రాసుకోండ్రి.

1. బండిని సమమైన నేల మీద ఖాళీగ పెట్టి, రెండు దిక్కులా ఛాసిస్ నుంచి ఇరుసుకు టేపుతోని కొలువుండ్రి. రెండు దిక్కులా ఒక్కతీరు రావాలె. తేడా ఉంటే ఒక కట్ట అలిసింది.

2. పట్టీల నడుమ ఎర్రటి తుప్పు పొడి గీత లెక్క కనపడితే అక్కడ పగులు ఉండొచ్చు. గుడ్డతోని తుడిచి, టార్చి పెట్టి చూడుండ్రి.

3. పట్టీలు లెక్కపెట్టుండ్రి. కంపెనీ ఇచ్చినదాని కంటే ఎక్కువ ఉంటే ఆ బండి జీవితమంతా ఎక్కువ లోడు మోసిందని అర్థం.

4. ట్రనియన్ దగ్గర ఛాసిస్‌కు వెల్డింగ్ మచ్చలున్నయా, అక్కడొక్క జాగల కొత్త రంగు ఏసిండ్రా చూడుండ్రి. రంగు ఊకెనే ఎయ్యరు.

5. ముందు చక్రం నడుమ నుంచి ఎనుక చక్రం నడుమ దాక రెండు దిక్కులా దారం పట్టి కొలువుండ్రి. తేడా ఉంటే టార్క్ రాడ్ బుష్షులు పోయినట్టు, లేకుంటే సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగినట్టు.

6. ఎనుక టైర్లు ఒక అంచు అరిగినయా చూడుండ్రి.

7. సమమైన నేల మీద ఖాళీ తొట్టిని పూర్తిగ లేపించి, ఎనుక ఇరవై అడుగుల దూరం నిలబడి చూడుండ్రి. తొట్టి నిట్టనిలువుగ ఉన్నదా, ఒక దిక్కు గుంజుతున్నదా? అమ్మేటోడు దీనికి ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయుండ్రి.

మా తమ్ముని కొడుకుకు నేను చెప్పింది ఇది. మన పనికి కమాన్ బోగీ బండి. మెత్తగ పోదు, డ్రైవర్ సీటు మంచిది ఏపించుకో. కానీ పట్టీ విరిగితే సాయంత్రానికల్లా మన టౌనుల బాగైతది, తొట్టి లేపితే గట్టిగ నిలబడుతది. రబ్బర్ బోగీ దొరికితే దిమ్మల వయసు, వాటి ధర, ఎన్ని రోజులకు దొరుకుతయో అడిగి తెలుసుకున్నంకనే మాట్లాడు. గాలి బుడ్డల బండి ముచ్చట మానుకో.

ఇంకోటి కూడ చెప్పిన. తొట్టి మూడింట రెండొంతులే నింపి తోలితే కిస్తీ కడుతదా లేదా అని ముందుగల్ల లెక్క ఏసుకో. ఆ లెక్కల పైసలు మిగులుతయ్ అంటేనే బండి కొను. తొట్టి నిండ కుప్ప పోస్తేనే కిస్తీ వెళ్తది అనుకుంటే, ఆ రెండెకరాలు ఇప్పుడే పోయినయని అనుకో. వాడు ఏమనలేదు. రాత్రి ముగ్గురు కూసొని లెక్క ఏస్తున్నరని మా మరదలు చెప్పింది.

మన రైతులం చేసేది కూడ ఒకటి ఉన్నది. ట్రిప్పుకు ఇంత అని మాట్లాడుకొని, తొట్టి నిండలేదని డ్రైవర్‌తోని కొట్లాడుడు ఆపాలె. మనం కుప్ప పొయ్యమంటేనే వాడు పోస్తున్నడు. నాలుగు ట్రిప్పుల మట్టి ఆరు ట్రిప్పులల్ల తెచ్చుకుందాం. కొంచెం ఖర్చు పెరుగుతది. మన రోడ్డు ఉంటది, ఆ పోరగాండ్ల బండి ఉంటది, దించే జాగల నిలబడ్డ మనిషి సాయంత్రం ఇంటికొస్తడు.

జాగ్రత్తగ ఉండుండ్రి.